ముగ్గురు పాలకుల పళ్ళ మేస్త్రి

కొందరు చెయ్యి చూసి జాతకం చెబుతారు, కొందరు ముఖం చూసి చెబుతారు. పళ్ళ మేస్త్రికి అవేవీ అక్కర్లేదు. సగం కొరికి పారేసిన జామకాయ చూపిస్తే చాలు, కొరికినవాడి వయసు, కోపం, అత్తగారితో వాడికున్న సంబంధం అన్నీ చెప్పేసేవాడు. ఒకసారి రొట్టెల దుకాణంలో దొంగ పడి, తిన్నంత తిని ఒక ముక్క వదిలేసి పోయాడట. మేస్త్రి ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, "మీ తమ్ముణ్ణి ఒకసారి పిలవండి, ఎడమవైపు కోరపన్ను పుచ్చింది, అదీ చూసిపెడతాను" అన్నాడట. తమ్ముడు నోరు తెరవకుండానే ఊరు వదిలాడట. ఇందులో నిజమెంత అని ఎవరైనా అడిగితే, "తమ్ముడు పోయినమాట మాత్రం నిజం" అనేవాడు.

అతని దుకాణం గడియారాల కొట్టు మీది గది. ఒక కిటికీ, కాలితో తొక్కే సానచక్రం, అచ్చులు ఉడకబెట్టే ఇత్తడి గిన్నె, గులాబీరంగు మైనం బిళ్ళలు, ఎక్కడ చెయ్యి పెట్టినా అంటుకునే తెల్లటి ప్లాస్టరు పొడి. ఒక గోడంతా అలమర. అందులో నాలుగు వందల పైచిలుకు జతల దవడలు కొలువుతీరి ఉండేవి. పళ్ళు కట్టించుకున్న ప్రతి మనిషి చిగుళ్ళకూ ప్లాస్టరుతో పోసిన అచ్చులవి. వాటిమీద పేర్లు లేవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో మేస్త్రి బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

రాజ్యాల చరిత్రంతా అతను పళ్ళతోనే చెప్పేవాడు. "కుర్చీ ఎక్కినవాడికి మొదట పోయేది నిద్ర, తరవాత పోయేవి పళ్ళు. కలలో కూడా కొరుకుతూనే ఉంటారు" అనేవాడు. పూర్వం ఒక చక్రవర్తి ముగ్గురు కొడుకుల్ని మూడు ఎడారులకు వెళ్ళగొట్టి, నాలుగోవాడికి ఎడారి దొరక్క, పదేళ్ళు చెట్లు కొట్టించి ఒక ఎడారి తయారు చేయించాడట. ఇంకో రాణి భర్తను పడవ ఎక్కించి, ఒడ్డున నిలబడి చేయి ఊపి, కళ్ళు తుడుచుకుందట. పడవ అడుగున కన్నం పెట్టించింది కూడా ఆమేనట. ఇలాంటివి అతని దగ్గర అచ్చు ఆరే లోపల ఒకటి చొప్పున ఉండేవి.

సొంత చేతుల్తో అతను పళ్ళు కట్టింది ముగ్గురు పాలకులకు. మొదట పెద్దాయనకు. ఆయన్ని సొంత తమ్ముడు చిన్నాయన ఒక మధ్యాహ్నం భోజనానికి పిలిచి, చేతులు కడుక్కునే లోపల ఓడ ఎక్కించి దీవికి పంపేశాడు. రేవులో చివరి నిమిషంలో చిన్నాయనకు ఒక ఆలోచన తట్టింది. "అన్నయ్య మాటకు బలమెక్కువ. పళ్ళు తీసి ఇక్కడ ఉంచుకోండి" అన్నాడు. బోసినోటితో ఇచ్చే ఆజ్ఞ ఎవరికి వినిపిస్తుంది? పెద్దాయన ఆ దీవిలోనే గొణుగుతూ గొణుగుతూ పోయాడు. ఆరేళ్ళు తిరక్కుండా చిన్నాయన అక్క మొగుడు, సైన్యాన్ని నడిపే సేనాధిపతి, తన బావమరిదిని అదే రేవుకు నడిపించుకెళ్ళి, అదే ఓడ ఎక్కించి, పళ్ళు తీసి ఉంచుకోమన్నాడు. ఇద్దరి పళ్ళూ ఇప్పుడు సేనాధిపతి బల్లమీద గాజు పెట్టెలో ఉన్నాయి. మేస్త్రి కళ్ళారా చూశాడు. తన పనితనం చూసుకుని గర్వపడాలో, గజగజలాడాలో తెలియక రెండూ చేశాడు.

సేనాధిపతి కుర్చీ ఎక్కిన వారానికే ఒక ఉత్తర్వు వచ్చింది. చిన్నాయన రూపం మొత్తంగా గాని, ఏ ఒక్క భాగం గాని, బొమ్మగా గాని, అచ్చుగా గాని ఎవరి దగ్గర కనిపించినా వాళ్ళూ దీవికే. కూడలిలో విగ్రహం పడగొట్టారు, అది మామూలే. చిన్నాయన పోలికలున్న పాపానికి పాల కొట్టువాణ్ణి గడ్డం పెంచమన్నారు. వాడికి గడ్డం పలచగా వచ్చేసరికి గొంగళి ముక్క అతికించుకోమన్నారు. నాలుగేళ్ళుగా వాడు గొంగళితోనే పాలు పోస్తున్నాడు.

అలమరలో రెండువందల పన్నెండో జత చిన్నాయనది. మేస్త్రి దాన్ని పగలగొట్టలేదు. ప్రేమ ఉండి కాదు. పోయినవాడు తిరిగిరాడని ఎవరు రాసిచ్చారు? వస్తే మొట్టమొదట అడిగేది పళ్ళే. నాలుగు వందల దవడల మధ్య ఒక దవడను ఎవడు పోల్చుకుంటాడు? అడవిలో ఆకును దాచినట్టు దాచి, ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. ఎవరినీ నమ్మకపోవడం అతనికి సానచక్రం తొక్కినంత అలవాటు. పళ్ళు అప్పగించేటప్పుడు కూడా, కొత్త పళ్ళతో మొదట ఎవరిమీద ఫిర్యాదు చేస్తాడో వీడు అనుకునేవాడు.

అనుమానాలన్నిట్లోకీ పెద్దది బావమరిది మీద. భార్యకు ఒక్కడే తమ్ముడు. చంకన ఎత్తుకుని పెంచింది. రెండేళ్ళ కిందట వాడికి సేనాధిపతి కార్యాలయంలో ముద్రలు వేసే ఉద్యోగం దొరికింది. దీవికి పంపేవాళ్ళ కాగితాల మీద ముద్ర కొట్టడం వాడి పని. ఉండేది పక్క వీధిలో ఒంటి గది. మధ్యాహ్నం భోజనం మాత్రం అక్క దగ్గరే. తిని, దుకాణంలో ముక్కాలిపీట మీద కూర్చుని కబుర్లు పెట్టేవాడు.

"బావా, ఇన్ని దవడల్లో గొప్పవాళ్ళవి ఏవైనా ఉన్నాయా?" అని ఒకనాడు అడిగాడు.

"అన్నీ గొప్పవేరా. అన్నీ అన్నం తిన్నవే."

"అది కాదు బావా, ముద్రలేసి ముద్రలేసి చెయ్యి నొప్పెడుతోంది. ఇవాళ ముప్పై ఒక్కమంది. అందులో ఒకాయన నాకు అక్షరాలు దిద్దించిన మేష్టారు."

మేస్త్రి సానచక్రం ఆపలేదు. చక్రం చప్పుడులో "ఊఁ" అన్నాడు. మనసులో మాత్రం, చూశావా, గాలం వేస్తున్నాడు, నేను అయ్యో అంటే చాలు, ఆ అయ్యో మీద రేపు ముద్ర పడుతుంది అనుకున్నాడు.

ఈ మాట భార్యతో అంటే ఆమె నవ్వింది. "మీకు గోడమీద నీడ కనిపిస్తే, అది ఎవరి తాలూకో తేలేదాకా అన్నం సహించదు. వాడు నా తమ్ముడండీ. వాడికి కడుపులో ఏమీ దాగదు. చిన్నప్పుడు చక్కెర దొంగిలించి, మూతి తుడుచుకోకుండా వచ్చి, నేను తినలేదక్కా అనేవాడు."

"అలాంటివాళ్ళకే ఉద్యోగాలిస్తారే" అన్నాడు మేస్త్రి.

ఒక మంగళవారం పొద్దున్నే గొడుగు పట్టుకుని ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. బయట వాన లేదు, ఎండా లేదు. మేస్త్రికి అప్పుడే అనుమానం వచ్చింది. అక్కరలేని గొడుగు పట్టుకునేవాళ్ళకు ముఖం దాచుకోవలసిన అక్కరేదో ఉంటుంది.

"మా మామగారికి పళ్ళు కావాలండీ. ఆయన మంచం దిగలేరు. నేనే మైనంలో కొలత తీసుకొచ్చాను" అని ఆమె ఒక రేకు డబ్బా తీసింది. లోపల తడిగుడ్డలో పై దవడకొకటి, కింది దవడకొకటి, రెండు మైనపు ముద్దలు.

"ఎవరు తీశారమ్మా కొలత?"

"నేనేనండీ."

"బాగా తీశావు. నాకు మూడేళ్ళు పట్టింది ఇలా తీయడానికి."

ఆమె గొడుగు పిడి తిప్పుతూ నిలబడింది. మేస్త్రి మైనాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు తిప్పాడు. కుడివైపు ఎత్తుగా, ఎడమవైపు లోతుగా, మధ్యలో చిన్న మెలిక. ఆ నోట్లో వేళ్ళు పెట్టి అతను ఐదేళ్ళకు పైగా పని చేశాడు. చిన్నాయన నోరది.

"శనివారం రామ్మా" అన్నాడు. మాట మామూలుగానే వచ్చింది. అదీ అతని పనితనమే.

ఆవిడ వెళ్ళాక తలుపు గడియపెట్టి మళ్ళీ చూశాడు. ఇప్పుడు అతనికి ఇంకోటి కనిపించింది. మనిషి పళ్ళు లేకుండా ఉంటే చిగురు ఊరుకోదు. ఏటికేడాది అరిగి, నదిపక్క గట్టులా కరిగి పల్చబడుతుంది. చిన్నాయన బోసినోటితో దీవిలో ఉండి నాలుగేళ్ళయింది. ఈ మైనంలో చిగురేమో నిన్న పళ్ళు తీసినట్టు నిండుగా ఉంది. ఇది ఏ నోట్లోంచీ తీసిన కొలత కాదు. నాలుగేళ్ళనాటి ప్లాస్టరు అచ్చుమీద మైనం ఒత్తి తీసింది.

అలమర దగ్గరకు పరుగెత్తాడు. రెండువందల పదకొండు ఉంది. రెండువందల పదమూడు ఉంది. మధ్యలో దుమ్ములేని గుండ్రటి మచ్చ.

భార్యను కేకేశాడు. "ఈ గదిలోకి ఎవరొచ్చారే?"

"ఎవరొస్తారండీ? నిన్న మీరు మైనం కొనడానికి వెళ్ళినప్పుడు తమ్ముడు కాసేపు కూర్చున్నాడు. దుమ్ము దులిపిపెడతానక్కా అన్నాడు. ఏం, దులపలేదా?"

"దులిపాడు. బాగా దులిపాడు" అన్నాడు మేస్త్రి.

ఇక అతనికి అంతా అద్దంలో చూసినట్టు కనిపించింది. బావమరిది అచ్చు ఎత్తుకెళ్ళి పై అధికారులకు చూపించాడు. వాళ్ళు మైనం ఒత్తి గొడుగావిడ చేత పంపించారు. మేస్త్రి పళ్ళు చేస్తే చిన్నాయన మనిషని తేలుతుంది, దీవి. చెయ్యకుండా వెళ్ళి ఫలానావారి నోరండీ అని చెబితే, నీకెలా తెలుసురా, అచ్చు దాచావా అంటారు, మళ్ళీ దీవే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో మేస్త్రి, చేతిలో మైనం.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర బావమరిదిని పరీక్షించాలనిపించింది.

"ఎవరో ఒకావిడ మైనం తెచ్చిందిరా. మనిషి రాలేడట, పళ్ళు చెయ్యమంటుంది. ఇలా చెయ్యొచ్చంటావా?"

బావమరిది నీళ్ళగ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. "చేసిపెట్టు బావా. ముసలాయన, దూరాన ఉన్నాడు, ఏం తిని బతుకుతాడు పాపం."

"ముసలాయనని నేను చెప్పలేదే. దూరమనీ చెప్పలేదు."

"పళ్ళు పోయాయంటే ముసలాయనే కదా" అని బావమరిది అన్నం కలిపాడు. కలిపిందే కలిపాడు.

"అదేంటండీ వాణ్ణి ముద్ద కూడా దిగనివ్వరు" అంది భార్య. "నువ్వు తినరా. మీ బావ రేపు ఉప్పుమీద కూడా విచారణ పెడతాడు."

మేస్త్రికి అనుమానం తీరిపోయింది. తీరిపోయిందని అతను అనుకున్నాడు.

రెండు రోజులు ఆలోచించి, మూడో దారి ఒకటి తొవ్వుకున్నాడు. చిన్నాయన పేరు ఎత్తకూడదు. ఎవరి నోరో నాకు తెలియదు, కానీ ఇది బతికున్న నోరు కాదు, ప్లాస్టరు, ఎవరో ఏదో మోసం తలపెట్టారు అని మాత్రమే చెప్పాలి. తను పెట్టిన పరీక్షలో మేస్త్రి నెగ్గాడని సేనాధిపతి సంతోషిస్తాడు. కుక్కిన పేనులా పడి ఉండొచ్చు. అచ్చు ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉంది, అడగదలచుకుంటే ఎప్పుడో అడిగేవాళ్ళు.

శుక్రవారం పొద్దున సేనాధిపతి పళ్ళు సరిచేసే రోజు. కిటికీ పక్క ఎత్తు కుర్చీ, గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డ ఇద్దరు కాపలావాళ్ళు, బల్లమీద ఆ గాజు పెట్టె. సేనాధిపతి తన పళ్ళు తీసి నీళ్ళ గిన్నెలో వేశాడు. బుగ్గలు లోపలికి పోయి, పదిమందిలో ఒక ముసలివాడిలా తయారయ్యాడు. ఈ ముఖం చూసినవాళ్ళు దేశంలో ఇద్దరే, ఒకరు భార్య, ఒకరు మేస్త్రి.

మేస్త్రి చిగురు తడుముతూ, వాతావరణం సంగతి చెప్పినట్టుగా చెప్పాడు. గొడుగావిడ, మైనం, నిండు చిగురు, శనివారం.

చెప్పి, ఆ నోట్లో నవ్వు కోసం చూశాడు.

నవ్వు రాలేదు. వేళ్ళ కింద దవడ బిగుసుకుంది. సేనాధిపతి మేస్త్రి చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి తీశాడు. గిన్నెలోంచి పళ్ళు తీసి, నీళ్ళు కారుతుండగానే పెట్టుకున్నాడు.

"ఎవరి నోరు?"

"తెలియదండీ అయ్యగారూ."

"మైనం తెచ్చావా?"

"తెచ్చానండీ."

సేనాధిపతి మైనం అందుకుని గాజు పెట్టె తెరిచాడు. అందులోంచి రెండో జత పళ్ళు తీసి మైనం పక్కన పట్టి చూశాడు. లోపలి గాడి, మధ్య మెలిక అచ్చంగా ఒకటే. ఆయన చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు పరీక్ష పెట్టినవాడిది కాదు. ఇప్పుడే విన్నవాడిది.

"శనివారం ఎన్ని గంటలకొస్తుంది?" అన్నాడు.

మేస్త్రికి అప్పుడర్థమైంది. ఇది వల కాదు. బావమరిదీ గొడుగావిడా నిజంగానే చిన్నాయనకు పళ్ళు పంపబోయారు. దీవిలో ఉన్నవాడి కొలత తేవడం ఎవరివల్లా కాదు గనక, ఉన్న ఒక్క అచ్చునూ ఎత్తుకెళ్ళి దానిమీదే మైనం ఒత్తారు. వల వేసింది బావమరిది కాదు. వలలో పడబోయేది బావమరిది.

ఇంటికి వెళ్ళేసరికి వాడు భోజనం చేసి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"బావా, ఆ పళ్ళు అవుతున్నాయా?"

ఒక్క మాట చాలు. పారిపోరా అంటే చాలు. మేస్త్రి నోరు తెరిచాడు కూడా. కానీ నలభై ఏళ్ళ అలవాటు నాలుక పట్టుకుంది. సేనాధిపతి ముఖం కూడా నాటకమేమో? నేను వీణ్ణి హెచ్చరిస్తానో లేదో చూడటమే అసలు పరీక్షేమో? మెట్లమీద అడుగుల చప్పుడైంది. కింద గడియారాల కొట్టుకు వచ్చిన మనిషే కావచ్చు. కాకపోనూ వచ్చు.

"అవుతాయిలే" అన్నాడు.

బావమరిది లేచి చొక్కా దులుపుకున్నాడు. "నువ్వు మంచివాడివి బావా. అక్కకు చాలాసార్లు చెప్పాను" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శనివారం గొడుగావిడ మెట్టుమీద కాలు పెట్టిందో లేదో, గడియారాలు చూస్తున్నట్టు నిలబడ్డ నలుగురు చుట్టుముట్టారు. ఒకప్పుడు ఆవిడ చిన్నాయన ఇంట్లో వంటమనిషట. రోజూ ఆయన పళ్ళు కడిగిపెట్టిన మనిషి గనక, చిగురు మధ్య మెలిక గుర్తు చెప్పి ఆ అచ్చును పోల్చుకొమ్మన్నది ఆవిడేనట. సాయంత్రానికి బావమరిది గది తలుపు విరిచారు. చొక్కాలో చుట్టి పెట్టెలో దాచిన ప్లాస్టరు దవడలు దొరికాయి. పద్నాలుగు రోజుల తరవాత ఇద్దరినీ దీవికి పంపారు. కాగితం మీద ముద్ర వేయడానికి ఆ వారం కొత్త గుమాస్తా వచ్చాడు.

మేస్త్రి ఆ పద్నాలుగు రోజులూ తన వంతు కోసం ఎదురుచూశాడు. అచ్చు ఎక్కడిదిరా అంటే వాడేం చెబుతాడు? కడుపులో ఏమీ దాగనివాడు. తరవాతి శుక్రవారం సేనాధిపతి కుర్చీలో వెనక్కి వాలి తనే చెప్పాడు.

"అడగాల్సినట్టు అడిగాం. ఒకటే మాట మీద నిలబడ్డాడు. ఆ అచ్చు చిన్నాయన పాత గదులు ఖాళీ చేసిన రోజు చెత్తలో దొరికిందట. నీ దుకాణం పేరే ఎత్తలేదు." పళ్ళు తీయబోతూ మళ్ళీ అన్నాడు. "నీ భార్య తమ్ముడని నాకు తరవాత తెలిసింది మేస్త్రీ. తెలిసీ చెప్పావు. నేనూ నా బావమరిదినే పంపాను. మనలాంటివాళ్ళు తక్కువ."

మేస్త్రి "నోరు తెరవండి అయ్యగారూ" అన్నాడు.

ఇంట్లో భార్య రోజూ ఒకే ప్రశ్న వేసేది. "ఎవరు చెప్పుంటారండీ?" అని. గిన్నెలు తోముతూ, దీపం తుడుస్తూ, ఉన్నట్టుండి అడిగేది. గొడుగావిడే చెప్పి ఉంటుందని తనే సమాధానం చెప్పుకునేది. మేస్త్రి "అయ్యుండొచ్చు" అనేవాడు. ఊళ్ళో అందరినీ అనుమానించిన మనిషి, ఇప్పుడు భార్య తనను ఎక్కడ అనుమానిస్తుందోనని ఆమె కళ్ళలోకి చూడటం మానేశాడు. కట్టుకథలు కూడా మానేశాడు. నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళు, ఏం మేస్త్రీ ఇవాళ కథ లేదా అంటే, తల ఊపి ఊరుకునేవాడు.

దీవిలో ఉన్నవాళ్ళను చూడటానికి నెలకొక పడవ. రేవు కార్యాలయంలో పొద్దున్నే చీటీ తీసుకోవాలి. ఇద్దరూ వెళ్ళారు. భార్య చేతిలో గుడ్డ సంచి, అందులో రెండు చొక్కాలు, దగ్గు మందు, కొంచెం చక్కెర. గోడ వెంబడి వరుస చాలా పొడుగ్గా ఉంది. తల్లులు, అక్కలు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

గంట నిలబడ్డాక ఒక గుమాస్తా జాబితా పట్టుకుని వరుస వెంట వచ్చాడు. మర్యాదస్తుడు. ఒక్కొక్కరినీ ఎవరి తాలూకు అని అడిగి, గుర్తు పెట్టుకుంటూ వచ్చి, వీళ్ళ దగ్గర ఆగాడు.

"పళ్ళ మేస్త్రిగారు మీరేనా? అయ్యో, ఇక్కడెందుకు నిలబడ్డారండీ? సమాచారం ఇచ్చినవారికి వరుస లేదు. నేరుగా లోపలికి రావచ్చు. అమ్మగారిని కూడా తీసుకురండి."

ముందున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూసి, ఒక అడుగు జరిగారు. భార్య గుమాస్తాను చూసింది, అతని చేతిలో జాబితాను చూసింది. మొగుణ్ణి మాత్రం చూడలేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మీరు వెళ్ళండి" అంది.

వరుస వదిలి నడుచుకుంటూ చిట్టచివరికి వెళ్ళి నిలబడింది. మేస్త్రి వెనకే వెళ్ళాడు.

"నేను అది వల అనుకున్నానే. వాడు నన్ను పట్టించబోతున్నాడనుకున్నాను" అన్నాడు.

అప్పుడే ఒక ముసలమ్మ సంచితో వచ్చింది. "రండమ్మా, నా వెనక నిలబడండి" అని భార్య ఆమెను తనకూ అతనికీ మధ్యకు లాగింది. తరవాత ఇంకొకామె వచ్చింది. ఆమెనూ పిలిచింది. వచ్చినవాళ్ళనల్లా పిలిచింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇద్దరి మధ్య పదకొండు మంది ఉన్నారు.

కిటికీ దగ్గర భార్య వంతు వచ్చింది. "ఎవరి తాలూకు?" అన్నారు లోపలినుంచి. తమ్ముడి పేరు చెప్పింది. "ఒక్కరేనా?" అన్నారు.

"ఒక్కదాన్నే" అంది ఆమె.

చీటీ తీసుకుని పడవ దగ్గరకు నడిచింది. మేస్త్రి ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు. గుమాస్తా గుమ్మంలోంచి అతన్ని చూసి, ఇటు రమ్మని మర్యాదగా చెయ్యి ఊపాడు.